ఆ తోట కోటది కాదు, మిషన్‌దీ కాదు

ఈమధ్య మన మొగల్తూరులో ఇంటింటికీ పంచిన ఉత్సవ సంచిక లోపలి అట్ట మీద ఒక పాత ఫోటో ఉంది. కొబ్బరిచెట్ల మధ్య, నీళ్ళగుంట పక్కన, తెల్ల లేసు గౌను తొడుక్కున్న అయిదేళ్ళ ఆడపిల్ల. దాని కింద "మొగల్తూరు కోటలో రాజావారి ఉద్యానవనం, 1890 ప్రాంతం" అని అచ్చేశారు. సంచిక వచ్చిన కొన్నాళ్ళకు నరసాపురం పెద్దమనిషి ఒకాయన ఆ మాటను ఖండిస్తూ నాలుగు పేజీల వ్యాసం రాసి పంచారు. అది కోట కాదట, నరసాపురంలోని మిషన్ బంగళా ఆవరణట. ఆ పిల్ల మిషన్ బడి పిల్లట. గౌను మీది లేసే అందుకు సాక్ష్యమట.

రెండూ తప్పే. ఆ పిల్ల మా మేనత్త. ఆ తోట మాది. పేరుపాలెం రోడ్డు పట్టుకుని పోతే ఇసుకమేట మొదలయ్యే చోట, ఇప్పుడు వరసగా రొయ్యల చెరువులు ఉన్నచోట ఉండేది. మా అత్త 1955లో పుట్టింది. కొణిదెల వారి శివశంకర వరప్రసాద్, అంటే చిరంజీవి, మన ఊళ్ళో పుట్టిన ఏడాది అదే కాబట్టి ఆమె వయసు ఊళ్ళో ఎవరికీ లెక్కకట్టి చెప్పనక్కర్లేదు. ఆమె ఇప్పుడు పాలకొల్లులో కొడుకు దగ్గర ఉంది. కళ్ళు బాగానే కనిపిస్తాయి. సంచిక తీసుకెళ్ళి చూపిస్తే చూసి, "అది మన దొరువే కదంట్రా అబ్బాయ్, నేను జారిపడ్డ దొరువు" అంది. ఫోటోలో ఉన్న మనిషి బతికి ఉండగా ఆమెను ఒక్కరూ అడగలేదు. నా బాధంతా అక్కడే మొదలైంది.

ఈ మాట ఆ పెద్దమనిషి చెవిన వేస్తే, అయిదేళ్ళ పిల్ల జ్ఞాపకం చరిత్రకు ఆధారం కాదన్నారు. సరే, అత్త మాట పక్కన పెడదాం. ఫోటోనే అడుగుదాం. ఫోటోకు నోరుంది. దాన్ని సగానికి కత్తిరించి అచ్చేస్తే మాత్రం మాట్లాడలేదు.

అవును, సంచికలో వేసింది కత్తిరించిన బొమ్మ. మా చుట్టాల పిల్లలు హైదరాబాదులో ఎవరో ఫోనులో తీసి, పాప మాత్రమే కనిపించేలా అంచులు తీసేసి పంపుకున్నారు. అది చేతులు మారి సంచికవారికి చేరింది. అసలు ఫోటో మా ఇంట్లో ఉంది. నలుపు తెలుపుల చదరపు బొమ్మ. నిలువూ అడ్డమూ రెండంగుళాలకు కాస్త ఎక్కువ. చుట్టూ తెల్లటి అంచు, ఆ అంచు రంపప్పళ్ళలా కత్తిరించి ఉంటుంది. ఎడమవైపు చివర, కొబ్బరి మట్టల నీడలో, స్టాండు వేసి నిలబెట్టిన సైకిలు వెనక చక్రం కనిపిస్తుంది. కింద, పాప కాళ్ళకు ముందు, ఇసుక మీద ఒక మగమనిషి తలా భుజాలూ నీడగా పడ్డాయి. ఆ నీడ ఫోటో తీసినాయనది. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని తియ్యమని అప్పట్లో కెమెరాతో పాటు వచ్చే కాగితంలో చెప్పేవారు. ఆయన అలాగే తీశాడు.

చదరపు బొమ్మ అన్నానే, అదొక్కటి చాలు 1890 అన్న మాట కొట్టేయడానికి. ఆ రోజుల్లో ఫోటో అంటే గాజు పలక, మూడు కాళ్ళ స్టాండు, నల్లగుడ్డ. అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరాను అమ్మకానికి పెట్టింది 1888లో. మన దేశంలో రాజులకూ జమీందార్లకూ ఫోటోలు తీసిన లాలా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నడుపుతున్న కాలం అది. 1892లో ఆయన హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ఒక స్టూడియో వేరే పెట్టించాడు. లోపల పని అంతా ఒక ఆంగ్ల మహిళ చేతుల మీద జరిగేది. రాజకుటుంబపు ఆడపిల్లను ఫోటో తియ్యాలంటే అంత ఏర్పాటు కావలసి వచ్చిన రోజులు. ఇంటి మనిషి ఒకడు చేతిలో కెమెరా పట్టుకుని, ఎండకు వీపు పెట్టి, తన నీడ బొమ్మలో పడిందని కూడా చూసుకోకుండా మీట నొక్కే కాలం కాదది. చుట్టలా వచ్చే 120 ఫిల్మును కొడాక్ మొదలుపెట్టింది 1901లో. అదే ఫిల్ము మీద పన్నెండు చదరపు బొమ్మలు తీసే కెమెరాలు 1930ల నుంచే జనంలోకి వచ్చాయి. ఆ నెగటివును పెద్దది చేయకుండా కాగితానికి ఆనించి అచ్చు తీస్తే సరిగ్గా మా ఇంట్లో ఉన్నంత బొమ్మే వస్తుంది. ఖర్చు తక్కువని చాలా ఇళ్ళలో అలాగే తీయించుకునేవారు.

ఇక సైకిలు. 1890లో మొగల్తూరు ఇసుకతోటలో స్టాండు సైకిలు ఉందని సంచికవారు కూడా అనరు. 1949లో మద్రాసు పక్క అంబత్తూరులో టీఐ సైకిళ్ళ కంపెనీ పెట్టాక, ఆ తర్వాత పదేళ్ళలో, మన వైపు మోతుబరి కానివాడి ఇంట్లో కూడా సైకిలు కనిపించడం మొదలైంది. మా తాతయ్య సైకిలు ఆ కోవలోదే.

సంచిక వ్యాసకర్త మీద నాకు కోపం లేదు. ఆయన ఊరి మీద ప్రేమతోనే రాశాడు. కాని ఊళ్ళో పాతదేది దొరికినా కోటకు రాసిచ్చేసే అలవాటు మనలో బాగా నాటుకుపోయింది. కలిదిండి వారు మన ఊరిని కేంద్రం చేసుకుని జమీందారీ నడిపారు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి దేవస్థానానికి ఈనాటికీ అనువంశిక ధర్మకర్తలు ఆ వంశం వారే. భీష్మ ఏకాదశి రథోత్సవం నాడు వశిష్ఠ గోదావరి దాటి వెళ్ళే ప్రతి మొగల్తూరువాడికీ అది గర్వకారణమే, నాకూను. ఆ గౌరవం నిలవడానికి మా తోటను వారికి కట్టబెట్టవలసిన పని లేదు. వారి చరిత్ర వారికుంది. ఇసుకలో దొరువు తవ్వుకుని, కడవలతో నీళ్ళు మోసి కొబ్బరి పెంచిన చిన్న రైతుకు చరిత్ర లేదా అన్నదే నా ప్రశ్న.

లేదనుకోవడానికి ఒక కారణం ఉంది. మన ఊరి గురించి పుస్తకాల్లో వెదికితే దొరికేది బహు తక్కువ. 1878లో హెన్రీ మోరిస్ గోదావరి జిల్లా మీద రాసిన పుస్తకంలో ఆయన చూపంతా జమీందారీల మీద, కంపెనీ దొరల మీద, ధవళేశ్వరం ఆనకట్ట మీద. 1883లో గోర్డన్ మెకంజీ కృష్ణా జిల్లా మాన్యువల్ రాశాడు. అప్పటికి మనం ఆ జిల్లాలో లేం. 1904లో నగరం లంకను మాత్రం ఉంచుకుని నరసాపురం తాలూకాను గోదావరి జిల్లా నుంచి తీసి కృష్ణాలో కలిపారు. మూడేళ్ళకు, 1907లో, హెమింగ్వే గోదావరి జిల్లా గెజిటీరు తెచ్చాడు. తాలూకాల వారీగా ఊళ్ళ వివరాలు చెప్పిన ఆ చివరి అధ్యాయంలో అమలాపురం ఉంది, నగరం ఉంది, మన తాలూకా లేదు. కృష్ణా పుస్తకం వచ్చినప్పుడు గోదావరిలో ఉన్నాం, గోదావరి పుస్తకం వచ్చినప్పుడు కృష్ణాలో ఉన్నాం. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడి మన గూటికి మనం చేరేసరికి ఆ మాన్యువళ్ళ కాలమే దాటిపోయింది. తెలుగులో చరిత్ర రాసినవారి చూపు రాజమహేంద్రవరం దగ్గరా, చాళుక్యుల శాసనాల దగ్గరా ఆగింది. బయటివాళ్ళకు మొగల్తూరు అంటే ఇద్దరు సినిమా హీరోలు, కృష్ణంరాజు, చిరంజీవి. కొందరైతే అల్లూరి సీతారామరాజు ఊరు మోగల్లునూ మన ఊరినీ ఒకటి చేసి మాట్లాడతారు. పాలకోడేరు మండలంలోని మోగల్లు వేరు, మొగల్తూరు వేరు అని ఎన్నిసార్లు చెప్పాలి!

కాగితం మీద మిగిలింది కోటా, మిషనూ మాత్రమే కావడంతో, ఏ పాత ఫోటో చేతికొచ్చినా ఆ రెంటిలో ఒకదానికి అంటగడుతున్నారు. నరసాపురం పెద్దమనిషి వాదం ఈ రెండో దారిది. ఆయన చదువుకున్న మనిషి, చాలా శ్రమపడి రాశారు. అందుకే ఆ వాదానికి జవాబు వివరంగా చెప్పాలి.

ఆయన చెప్పేది ఇదీ. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు ఇంగ్లండు నుంచి వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో పనిచేశారు. అదే గోదావరి డెల్టా మిషన్. లేసు అల్లికను మన ఆడవాళ్ళకు నేర్పింది మిషన్ దొరసానులే. స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే దంపతుల పేరు అందరూ చెబుతారు. ఇంతవరకు నాకూ అభ్యంతరం లేదు. తర్వాత ఆయన ఒక గెంతు గెంతారు. లేసు అల్లేవాళ్ళు అల్లడమే గాని తొడుక్కోలేదు, అల్లిందంతా ఓడెక్కింది, లేసు గౌను తొడిగే తాహతూ అలవాటూ మిషన్ ఆవరణలోని వాళ్ళకే ఉంది, కాబట్టి ఈ పిల్ల అక్కడిదే అని.

ఆయన మాటలో సగం నిజం. మన ఇళ్ళలో లేసు అల్లింది తొడుక్కోవడానికి కాదు. ఏజెంటు దారపు కండెలు ఇచ్చి వెళ్ళేవాడు. అరుగు మీదో, వసారాలోనో, వంట అయ్యాక, పిల్లలు పడుకున్నాక క్రోషా సూదితో అల్లేవారు. ఒకరిది చేతి పని, ఆ పువ్వులన్నీ కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో చెయ్యడం ఇంకొకరిది, అది అతుకు పని. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి 1982లో అచ్చేసిన పుస్తకంలో ఈ ఏర్పాటంతా ఉంది. ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్న ఆడవాళ్ళను ఇంటి దగ్గర ఊరికే కూర్చుని పొద్దుపుచ్చుకునేవాళ్ళుగా లెక్కకట్టారనీ, కూలి అంత తక్కువ కావడానికి అదే కారణమనీ ఆవిడ వాదం. ఆ పుస్తకం పేరులో కూడా నరసాపురమే ఉంది. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు కూడా అది నరసాపురం లేసు పేరునే వచ్చింది. ఊరి పేరు వాళ్ళదైనా చేతులు మావి కూడా. మొగల్తూరు, ముత్యాలపల్లి, శేరేపాలెం, కేపీపాలెం ఆడవాళ్ళ వేళ్ళు అరిగిన పని అది. ఈ మాట ఆ పెద్దమనిషి నాలుగు పేజీల్లో ఒక్క చోట కూడా లేదు.

ఇప్పుడు గౌను దగ్గరికి వద్దాం. అసలు ఫోటోను భూతద్దం కింద పెట్టి చూడండి. పాప మెడ చుట్టూ, రొమ్ము మీద చదరంగా లేసు ముక్కలు అతికారు. కుడివైపు పువ్వుకు రేకులు ఎనిమిది, గుండ్రంగా ఉన్నాయి. ఎడమవైపు పువ్వుకు రేకులు ఆరు, మొనదేలి ఉన్నాయి. కింద వరసలో అనాసకాయ అల్లిక ఒకటి ఉంది, దానికి జోడీ ఎక్కడా లేదు. మిషన్ దొరసాని తన పిల్లకో, తను పెంచుకున్న పిల్లకో గౌను కుట్టిస్తే ఎడమా కుడీ పొసగకుండా కుట్టిస్తుందా? ఏజెంటు ముందు ఒక్క రేకు తప్పినా ముక్క వెనక్కి వచ్చే పని ఇది. అలా వెనక్కి వచ్చిన ముక్కలే ఈ గౌను మీద ఉన్నాయి. మా నాయనమ్మ లేసు అల్లేది. దారం ఎక్కువ తిందనో, బిగువు సరిలేదనో ఏజెంటు పక్కన పెట్టేసిన ముక్కలకు కూలి రాదు. దారం ఖర్చు మాత్రం పడుతుంది. అలాంటి ముక్కల్ని నాయనమ్మ పెట్టెలో దాచి, దాచి, పాప పుట్టినరోజుకు పాత పంచె చింపి కుట్టిన గౌనుకు అతికింది. అత్తకు ఆ పంచె సంగతి గుర్తుంది. పువ్వులు పొసగలేదని ఆమెకు ఏనాడూ తెలియదు. మొన్న భూతద్దంలో నేను చూపిస్తే చాలాసేపు చూసింది. "మా అమ్మ కూలి రాని పనంతా నాకే తొడిగిందన్నమాట" అంది.

లండన్‌కో న్యూయార్క్‌కో ఓడలో పోయిన లేసు ఎంత చక్కనిదో నాకు తెలియదు, చూడలేదు. మొగల్తూరు ఆడది తన కోసం ఉంచుకున్న లేసు మాత్రం ఈ ఒక్క ఫోటోలో ఉంది. దాన్ని మిషన్ ఖాతాలో జమ వేస్తే మా నాయనమ్మ కష్టం రెండోసారి లెక్క నుంచి పోతుంది.

తోట విషయానికొస్తే, పాప పక్కనున్న నీళ్ళగుంటను సంచికవారు తామరకొలను అన్నారు. నరసాపురం పెద్దమనిషి బంగళా నుయ్యి అన్నారు. తామరలూ లేవు, గట్టూ లేదు, గిలకా లేదు. ఇసుకలో ఏటవాలుగా దిగుతూ తవ్విన గుంట అది. దొరువు. సముద్రపు ఒడ్డు ఊళ్ళవాళ్ళకు దీన్ని గురించి చెప్పనక్కర్లేదు గాని, ఇప్పటి పిల్లల కోసం చెబుతున్నాను. వాన నీరు ఇసుకలోకి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతుంది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. లోతుగా తవ్వితే ఉప్పు తగులుతుంది కాబట్టి లోతుకు పోకుండా, వెడల్పుగా తవ్వి పైపై నీరు తీసుకోవాలి. కావిడికి రెండు కడవలు కట్టుకుని ఏటవాలున దిగి, ముంచుకుని పైకొచ్చి, మొక్క మొదట్లో పోసేవారు. వశిష్ఠ గట్టున ఒండ్రు నేల మీద ఉన్న నరసాపురంలో మంచినీటి కోసం ఇలాంటి ఇసుక గుంట తవ్వుకోవలసిన అవసరం ఏ దొరకూ రాలేదు. మా వైపు కాలువ శివారు. ఆనకట్ట 1852లో పూర్తయినా, నరసాపురం కాలువ మా దగ్గరికి వచ్చేసరికి తోటలకు నీళ్ళు మిగిలేవి కావు. ఇసుకతోటకు దొరువే దిక్కు.

కొబ్బరిచెట్లు ఇంకో సాక్ష్యం. రాలిన ప్రతి మట్ట కాండం మీద ఒక గాటు మచ్చ వదిలి పోతుంది. బాగా పెరిగే దేశవాళీ చెట్టు ఏడాదికి సుమారు పన్నెండు మట్టలు వేస్తుంది. కాండం పైకి తేలడానికి మొదట నాలుగయిదేళ్ళు పడుతుంది, ఆ తర్వాత మచ్చలు లెక్కపెడితే చెట్టు వయసు సుమారుగా దొరుకుతుంది. పాప వెనకున్న రెండు చెట్ల కాండం పెద్దవాడి నడుము దాటలేదు. కనిపించే మచ్చలు అరవైకి మించవు. అంటే చెట్టుకు పదేళ్ళు. కోటలో తరతరాల ఉద్యానవనమైతే చెట్లు తలెత్తి చూడవలసినంత పొడుగుండాలి. 1960లో తీసిన ఫోటో అయితే నాటింది 1950 ప్రాంతంలో. మా తాతయ్య ఆ ఇసుకనేల చేతికి తీసుకున్నది అప్పుడే. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చిన తర్వాతి రోజులవి. కాపుకొచ్చేదాకా ఏడెనిమిదేళ్ళు ఆగాల్సిన చెట్టును తన నేలలో తాను నాటుకోవచ్చని చిన్న రైతుకు ధైర్యం కలిగిన రోజులు. ఫోటో తీసేనాటికి ఆ రెండు చెట్లు మొదటి గెలలు వేశాయి. పాప తలకు పైన, మట్టల సందులో, పిందెలు కనిపిస్తాయి. బహుశా తాతయ్య ఫోటో తియ్యమన్నది పాపతో పాటు ఆ గెలల కోసం కూడా అయి ఉంటుంది.

పాపను మరీ దూరంగా నిలబెట్టి తీశారని, అందుకే ముఖం సరిగా లేదని కొందరన్నారు. ఆ రోజుల్లో ఇళ్ళలో వాడిన పెట్టె కెమెరాలకు దూరాన్ని సరిచేసుకునే వీలు ఉండేది కాదు. మూడు గజాల కన్నా దగ్గరికి వస్తే ముఖం అలుక్కుపోతుంది. ఇంట్లో తీద్దామంటే ఆ ఫిల్ముకు వెలుతురు చాలదు. అందుకని పిల్లల్ని ఎండలోకి, పెరట్లోకి, తోటలోకి తెచ్చి, దూరంగా నిలబెట్టేవారు. మన జిల్లాలో ఏ పాత పెట్టె తెరిచినా తోటలో నిలబడ్డ పిల్లల ఫోటోలు అన్ని కనిపించడానికి కారణం ఇదే. ఆ లోపం వల్లే మనకు పాపతో పాటు దొరువు మిగిలింది, ఇసుక మిగిలింది, చెట్టు మచ్చలు మిగిలాయి. స్టూడియోలో రంగులేసిన తెర ముందు కూర్చోబెట్టి తీసి ఉంటే ముఖం చక్కగా వచ్చేది, ఊరు పోయేది.

ఫ్రెంచి రచయిత రొలాఁ బార్త్ 1980లో ఫోటోల గురించి ఒక పుస్తకం రాశాడు. తల్లి పోయాక ఆమె ఫోటోలు వెదుక్కుంటూ ఉంటే, 1898లో తీసిన ఒకటి దొరికింది. అయిదేళ్ళ తల్లి, ఏడేళ్ళ ఆమె అన్న, అద్దాల కప్పు కింద పెంచిన మొక్కల తోటలో నిలబడి ఉన్నారు. పుస్తకంలో చాలా ఫోటోలు అచ్చేసి, ఆ ఒక్కటి మాత్రం ఆయన వెయ్యలేదు. అది తనకే గాని చదివేవాళ్ళకు ఏమీ కాదనుకున్నాడు. కొడుకుగా ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కాని మా అత్త ఫోటో విషయంలో నేను ఆ దారి పట్టలేను. మా ఇంటివాళ్ళకు అది అత్త. మిగతా ఊరికి అది పేరుపాలెం రోడ్డు తోటల గురించి మిగిలిన సాక్ష్యం. దాచుకునే హక్కు మాకు లేదు. అందుకే అసలు ఫోటోను అంచులతో సహా ఎవరు చూస్తామన్నా చూపిస్తున్నాను.

ఎందుకంటే ఆ తోటల్లో ఇప్పుడు మిగిలినవి పేర్లే. 1990లలో టైగరు రొయ్య వచ్చింది. ఎకరాలకు ఎకరాలు తవ్వారు. తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులు తుడిచిపెట్టుకుపోయాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలో రొయ్యల సాగు మీద గట్టి తీర్పు ఇచ్చింది. అప్పటికే చెట్లు కొట్టేసిన నేలకు ఆ తీర్పు చెట్లు తెచ్చి ఇవ్వలేదు. 2009 తర్వాత వనామీ రొయ్య రాకతో మళ్ళీ తవ్వకం. ఉప్పునీళ్ళ చెరువు పక్కన దొరువు బతకదు, మంచినీటి పొర పోతుంది. మా నేల అమ్మకం అయ్యాక మొదట పూడ్చింది దొరువునే. మన వైపే ఉన్న నల్లంవారితోట పేరు వింటే మా చిన్నతనంలో నీడ గుర్తొచ్చేది. 2017 మార్చి 30న అక్కడి రొయ్యల శుద్ధి కర్మాగారంలో విషవాయువు పీల్చి అయిదుగురు కూలీలు చనిపోయారు. ఇప్పుడు ఆ పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది అదే.

నరసాపురం పెద్దమనిషికి ఒక విన్నపం. మీ ఊరికి డచ్చివాళ్ళ గిడ్డంగి ఉంది, మాధవాయిపాలెం బట్ట ఉంది, మిషన్ చరిత్ర ఉంది, లేసు మీద పేరు ఉంది. మా దగ్గర ఈ ఒక్క ఫోటో ఉంది. దాన్ని మాకు వదలండి. సంచిక సంపాదకులకు ఇంకో విన్నపం. మళ్ళీ అచ్చు వేసేటప్పుడు ఫోటోను కత్తిరించకుండా, సైకిలు చక్రంతో, నీడతో, రంపప్పళ్ళ అంచుతో సహా వేసి, కింద ఈ మాట పెట్టండి: మొగల్తూరు, పేరుపాలెం రోడ్డు, రైతు కొబ్బరితోట, దొరువు, సుమారు 1960. గౌను, ఇంట్లో అల్లిన లేసు.

మిగతా ఊరివాళ్ళకు కూడా చెప్పవలసింది ఉంది. ఈ రభస అంతా జరగడానికి అసలు కారణం ఫోటో వెనక మావాళ్ళు ఒక్క ముక్క రాయకపోవడం. మీ ఇళ్ళలో అటక మీద ట్రంకు పెట్టెల్లో ఇలాంటివి తప్పకుండా ఉంటాయి. మన తేమకు అవి ఎక్కువ కాలం ఆగవు. బూజు పడుతుంది, ఒకదానికొకటి అంటుకుంటాయి. జిగురు పేజీల ఆల్బముల్లో అంటించినవి ఉంటే జాగ్రత్తగా విడదీయించండి. లామినేషన్ చేయించకండి, సెల్లోటేపు వెయ్యకండి. నెగటివులు పులిసిన వాసన వస్తుంటే వాటిని ఫోటోల నుంచి వేరుగా పెట్టండి. ఫోటో చుట్టూ ఉన్న అంచు కత్తిరించకండి. ఫోనులో తీసేటప్పుడు ముందు వైపూ వెనక వైపూ పూర్తిగా తియ్యండి. బాల్‌పెన్ను వద్దు, మెత్తని పెన్సిలుతో వెనక నాలుగు మాటలు రాయండి. మనిషి పేరు, ఎవరి తోట, ఏ రోడ్డు పక్కన, ఏ ఏడు. ఆ మాటలు చెప్పగల పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఇంకా ఉన్నారు. ఈ ఆదివారమే వాళ్ళ పక్కన కూర్చుని అడగండి.